కారులో పారాయణ: దారికి సరిపడే రికార్డింగు ఎంచుకోవడం

కారులో దేవుడి పాటలు పెట్టుకోవడం వేరు, కారు నడుపుతూ పారాయణ చేసుకోవడం వేరు. మొదటిదానికి ఏ రికార్డింగైనా పర్వాలేదు. రెండోదానికి మాత్రం చాలా చూసుకోవాలి. విజయవాడ నుంచి ఏలూరులోని మా బ్యాంకుకు రోజూ నేనే నడుపుకుంటూ వెళ్తాను. దాదాపు అరవై కిలోమీటర్లు. పొద్దున్నే వంట, పిల్లల బాక్సులు, అత్తగారి మందులు అయ్యేసరికి పూజగదిలో దీపం పెట్టి దండం పెట్టుకునేంత టైమే మిగులుతుంది. అందుకని నా నిత్యపారాయణ చాలావరకు స్టీరింగ్ ముందే సాగుతుంది. రికార్డింగుల విషయంలో నాకు ఇంత పట్టింపు రావడానికి కారణం అదే.

నేను చూసేది ముందుగా ఒకటే: ఆ గొంతుతో పాటు నేనూ చెప్పగలుగుతున్నానా? నోరు ఆడుతుంటే మనసు శ్లోకం మీద నిలుస్తుంది, కళ్లు రోడ్డు మీద ఉంటాయి. ఊరికే వింటుంటే రెండు నిమిషాల్లో ఆలోచన ఆఫీసులోని ఆడిట్ మీదికి పోతుంది. సంగీతం మరీ గొప్పగా ఉంటే ఇంకో ఇబ్బంది. అందులో పడి ముందున్న లారీ బ్రేక్ లైటు ఆలస్యంగా కనిపిస్తుంది. కాబట్టి కచేరీ రికార్డింగులు ఇంట్లో కూర్చుని వినడానికి ఉంచుకోండి. ఆలాపన, నెరవల్, స్వరకల్పన లాంటి రాగ విస్తరింపులు వినాలంటే పూర్తి ధ్యాస పెట్టాలి. ఆ ధ్యాస కారులో రోడ్డుకే ఇవ్వాలి.

దీన్నిబట్టే ఇంకో సంగతి కూడా తేలిపోతుంది. కొత్త స్తోత్రం కారులో నేర్చుకోకండి. పుస్తకం చూస్తూ ఇంట్లో నేర్చుకుని, సగానికి పైగా నోటికి వచ్చాక కారులోకి తెచ్చుకోండి. తరవాతి పాదం ఏమిటా అని వెతుక్కుంటూ నడిపితే అటు పారాయణా కుదరదు, ఇటు డ్రైవింగూ కుదరదు.

వేగం, ఊపిరి

విష్ణు సహస్రనామాన్నే తీసుకోండి. అనుష్టుప్ ఛందస్సులో శ్లోకానికి ముప్పై రెండు అక్షరాలు. సగం శ్లోకం, అంటే పదహారు అక్షరాలు, తొందరపడకుండా ఒక్క ఊపిరిలో చెప్పగలిగే కొలత. చెప్పేవాళ్లు సగం శ్లోకం దగ్గర నిజంగా ఊపిరి తీసుకుంటున్నారా లేదా వినండి. తీసుకుంటుంటే మనకీ ఆ చోటు దొరుకుతుంది. కొన్ని రికార్డింగుల్లో ఎడిటింగ్ చేసి ఊపిరి ఖాళీలు తీసేస్తున్నారు. వినడానికి చకచకా బాగానే ఉంటుంది కానీ కూడా చెప్పబోతే పది శ్లోకాలకే ఆయాసం వస్తుంది. ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారి సహస్రనామం సుమారు అరగంట. నా ఊపిరికి అది చక్కగా సరిపోతుంది. దానికన్నా బాగా తక్కువ సమయంలో ముగించేవి పరుగు పెడుతున్నాయని, బాగా ఎక్కువ తీసుకునేవి మధ్యలో వయొలిన్ ముక్కలు నింపాయని అనుభవం మీద తెలిసింది.

ఉచ్చారణకు నాకు రెండు పరీక్షలున్నాయి. స్తోత్రం మొదలైన వెంటనే మొదటి శ్లోకం రెండో సగం వస్తుంది: "భూతకృద్భూతభృద్భావో భూతాత్మా భూతభావనః". ఈ సగం శ్లోకంలోనే 'భ' ఏడుసార్లు ఉంది. ఏడూ పొట్టలోంచి ఒత్తుతో పలుకుతున్నాయా, "బూతకృత్ బూత" అని జారిపోతున్నాయా వినండి. ఇంకొంచెం ముందుకు వెళ్తే "సర్వః శర్వః శివః స్థాణుః" అని వస్తుంది. సర్వః ఒక నామం, శర్వః ఇంకో నామం. రెండూ ఒకేలా వినిపిస్తే అక్కడ ఒక నామం పోయినట్టే. రోజూ విన్నదే మన నోటికి పడుతుంది, పడ్డాక దిద్దుకోవడం మహా కష్టం. అందుకని ఈ రెండు చోట్లా తప్పిన రికార్డింగును, గొంతు ఎంత తియ్యగా ఉన్నా, నేను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించను. ఈమధ్య కంప్యూటర్‌తో తయారుచేసిన గొంతులతో స్తోత్రాలు చాలా వస్తున్నాయి. శ్రుతి ఎక్కడా తప్పదు, కానీ సమాసాన్ని ఎక్కడపడితే అక్కడ విరిచేస్తున్నాయి. పాడినవాళ్ల పేరు ఎక్కడా లేకపోతే ఈ పరీక్ష తప్పకుండా పెట్టండి.

ఫోన్‌లో విని నిర్ణయించకండి

ఇది చాలామంది పట్టించుకోని విషయం. ఇంట్లో ఫోన్‌లో విన్నప్పుడు అద్భుతంగా ఉన్నది, హైవే మీద ఎనభైలో వెళ్తూ ఏసీ వేసుకుని వింటే సగం వినిపించదు. టైర్ల హోరు మంద్రస్థాయి శబ్దాలన్నిటినీ మింగేస్తుంది. తంబూరా ముందు మాయమవుతుంది, ఆ తరవాత మెల్లగా పాడిన చరణాలు. సరే అని సౌండ్ పెంచుతాం. ఇంతలో తబలా, తాళాలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. మళ్లీ తగ్గించాలి. చెయ్యి ఇలా నాబ్ మీదే ఉంటే అది పారాయణ ఎలా అవుతుంది?

అందుకని మొదటి నుంచి చివరి వరకు ఒకే స్థాయిలో సాగే రికార్డింగు కావాలి. గొంతు ముందుండాలి, వాద్యం వెనకుండాలి. పాత గ్రామఫోన్ రోజుల రికార్డింగులు ఇక్కడే గెలుస్తాయి. 1963లో హెచ్.ఎం.వి. విడుదల చేసిన ఎం.ఎస్. గారి వేంకటేశ సుప్రభాతంలో ఆమె, ఆమె కూతురు రాధా విశ్వనాథన్ కలిసి పఠిస్తుంటే వెనక శ్రుతి తప్ప దాదాపు ఇంకేమీ వినిపించదు. అరవై ఏళ్లు దాటినా, రోడ్డు చప్పుడులో అంత స్పష్టంగా నిలబడే సుప్రభాతం నాకు ఇంకొకటి దొరకలేదు. కొత్తవాటిలో కీబోర్డు, వేణువు, పక్షుల కిలకిలలు, సెలయేటి చప్పుడు, గుడిగంటలు కలుపుతున్నారు. గంటలు, శంఖం ఉన్నవాటిని నేను కారులో అసలు పెట్టను. వెనక ఎవరో హారన్ కొట్టారేమోనని తల తిరుగుతుంది. నిజంగా హారన్ కొట్టినప్పుడేమో అది గంటే అనుకుని ఊరుకుంటాం. ఇది ఇంకా ప్రమాదం.

కొత్త రికార్డింగును పరీక్షించాలంటే కారు నడుస్తున్నప్పుడే, అద్దాలు మూసి, ఏసీ మామూలుగా వేసుకునే స్థాయిలో ఉంచి వినండి. స్టీరియోలో బాస్ రెండు మెట్లు తగ్గించి ట్రెబుల్ కొద్దిగా పెంచితే హల్లులు తేటపడతాయి. అంబులెన్స్ సైరన్ వినిపించేంత సౌండే ఉంచాలి. ఇయర్‌ఫోన్స్ మాత్రం వద్దేవద్దు.

ఊళ్లో ఒకటి, హైవే మీద ఒకటి

పల్లవి తిరిగి తిరిగి వచ్చే స్తోత్రాలు ఊళ్లో ట్రాఫిక్‌కు, పల్లవి లేనివి ఖాళీ హైవేకు. ఇది నా లెక్క. బెంజ్ సర్కిల్ దాటేవరకు క్లచ్, బ్రేకు, అడ్డం వచ్చే ఆటోలు. పారాయణ తెగిపోతూనే ఉంటుంది. లింగాష్టకం అయితే ఎక్కడ తెగినా "తత్ప్రణమామి సదాశివలింగమ్" దగ్గర మళ్లీ అందుకోవచ్చు. బిల్వాష్టకంలో "ఏకబిల్వం శివార్పణమ్" అంతే. సహస్రనామంలో అలాంటి ఊతం లేదు. ఒకసారి వదిలితే ఏ శ్లోకంలో ఉన్నామో పట్టుకోవడం కష్టం. అందుకే గన్నవరం దాటి రోడ్డు సాఫీగా ఉన్నాకే దాన్ని మొదలుపెడతాను.

సుప్రభాతంలో ఈ రెండు రకాలూ ఉన్నాయి. ప్రతివాది భయంకరం అణ్ణన్ రచనగా చెప్పే ఈ మొత్తంలో సుప్రభాతం ఇరవై తొమ్మిది శ్లోకాలు, స్తోత్రం పదకొండు, ప్రపత్తి పదహారు, మంగళాశాసనం పద్నాలుగు. కొనేముందు, లేదా డౌన్‌లోడ్ చేసేముందు, నాలుగు భాగాలూ ఉన్నాయో లేదో చూడండి. సుప్రభాతం అని పేరు పెట్టి మొదటి ఇరవై తొమ్మిదితో ఆపేసినవి చాలా ఉన్నాయి. ఎం.ఎస్. గారిది నాలుగూ కలిపి ఇరవై నిమిషాల చిల్లర. ప్రపత్తిలో శ్లోకం చివర "శ్రీవేంకటేశ చరణౌ శరణం ప్రపద్యే" అని వస్తూనే ఉంటుంది కాబట్టి, ఫాస్టాగ్ పలకక టోల్‌గేట్ దగ్గర ఆగిపోయినా మళ్లీ అందుకోవడం తేలిక.

స్తోత్రం భాగం దగ్గర మాత్రం ఒక జాగ్రత్త. సుప్రభాత శ్లోకాలు ఎక్కువగా వసంతతిలకం అనే ఛందస్సులో నెమ్మదిగా నడుస్తాయి. "కమలాకుచచూచుక" దగ్గర ఛందస్సు తోటకంలోకి మారుతుంది. ఆ నడకలోనే ఒక ఉరుకు ఉంది. నోటితో పాటు కాలు కూడా ఉరకడం మొదలుపెడుతుంది. ఆ పదకొండు శ్లోకాల్లో స్పీడోమీటర్ వైపు ఒక చూపు వేయడం నాకు అలవాటు. అయిగిరినందిని దగ్గరా ఇంతే. దానికి డ్రమ్ములు పెట్టి దంచిన రికార్డింగులు నవరాత్రుల మండపాల్లో వినడానికి బాగుంటాయి. కారులోకి నెమ్మదిగా చెప్పినదే వెతుక్కోండి.

సుప్రభాతం సాయంత్రం పెట్టవచ్చా అని కొత్తగా కారు కొన్న కొలీగ్ ఒకరు అడిగారు. నేను పెట్టను. స్వామిని నిద్రలేపే పాఠం అది. తిరుమలలో మామూలుగా తెల్లవారుజామున దానితోనే రోజు మొదలవుతుంది, ధనుర్మాసంలో దాని స్థానంలో తిరుప్పావై చదువుతారు. ఆ నెలలో నా కారులో కూడా తిరుప్పావే. రోజుకొక పాశురం చొప్పున ముప్పై ఉంటాయి. పాశురాల మధ్య ట్రాక్ విడగొట్టి ఉన్న రికార్డింగు ఎంచుకుంటే ఆ రోజు పాశురాన్ని నాలుగైదుసార్లు వేసుకోవచ్చు. అరవం రాని మనకు నోరు తిరగాలంటే అదే మార్గం.

రుద్రం

రుద్రం, అంటే నమకచమకాల విషయంలో నేను నా సూత్రాన్ని పక్కన పెడతాను. అంటే అది వింటాను, కూడా చెప్పను. మా చిన్నాన్న వేదపండితుడు. కారులో చెప్పులతో, ఒక్కోసారి స్నానం కాకుండా రుద్రం వినవచ్చా అని మా అత్తగారికి సందేహం వచ్చి ఆయన్నే అడిగాం. "వినడానికేం అమ్మా, శ్రవణానికి అడ్డు లేదు. స్వరంతో పైకి చదవాలంటే మాత్రం గురువు దగ్గర నేర్చుకుని, శుచిగా కూర్చుని చదవాలి" అన్నారు. మా ఇంట్లో అప్పటి నుంచి అదే పద్ధతి. మీ ఇంటి సంప్రదాయం ఇంకోలా ఉంటే మీ పెద్దల్నే అడగండి.

రికార్డింగు ఎంపికకు ఆయన చెప్పిన సూచనలే నేను పాటిస్తున్నాను. నమకం, చమకం కృష్ణయజుర్వేదంలోని తైత్తిరీయ సంహిత నాలుగో కాండలోవి. ఒక్కొక్కటి పదకొండు అనువాకాలు, అంటే భాగాలు. అక్షరం ఎంత ముఖ్యమో స్వరమూ అంతే. అనుదాత్తం కిందికి దిగుతుంది, ఉదాత్తం సమంగా ఉంటుంది, స్వరితం పైకి లేస్తుంది. "నమస్తే రుద్ర మన్యవ" అన్న మొదటి మాటల్లోనే ఈ ఎత్తుపల్లాలు తెలుస్తాయి. దీనికి రాగం కట్టి, వెనక కీబోర్డు పరిస్తే ఆ ఎత్తుపల్లాలు రాగంలో కలిసిపోతాయి. వినడానికి హాయిగా ఉండవచ్చు, కానీ వేదం చదివే పద్ధతి అది కాదు. వాద్యాలు లేకుండా, నలుగురైదుగురు ఘనపాఠీలు కలిసి చెప్పినది వెతకండి. బృందంగా చెప్పినప్పుడు ఒకరు ఊపిరి తీసుకుంటుంటే మిగిలినవాళ్లు ఆ మాటను మోస్తారు కాబట్టి ధార ఎక్కడా తెగదు. కారు చప్పుడులో ఒంటి గొంతుకన్నా బృందమే బాగా నిలుస్తుంది. చమకం కూడా ఉందో లేదో చూసుకోండి. కొన్నిటిలో ముందు చదివే లఘున్యాసం, ఆపైన నమకం అయిపోగానే ఆపేస్తారు. కార్తీక సోమవారాల్లో పొద్దున పూట నాకు ఇదే.

సాయంత్రం, రాత్రి

సాయంత్రం తిరుగు ప్రయాణంలో అన్నమయ్య. ఆయన పాటలు రాగిరేకుల మీద మిగిలాయి కానీ వరుసలు చాలావాటికి మిగల్లేదు. ఇప్పుడు మనం పాడుకునే బాణీలు ఎక్కువగా ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు కట్టినవి. ఒకే కీర్తనకు నాలుగైదు బాణీలు దొరుకుతాయి కాబట్టి ఎంచుకునే వీలు మన చేతుల్లోనే ఉంది. కారు కోసమైతే మాట విరగకుండా చెప్పే బాణీ తీసుకోండి. ఆ లెక్కన నాకు గరిమెళ్ల వారిదే ముందు. "వినరో భాగ్యము విష్ణుకథ" ఆయన పాడుతుంటే చరణం ప్రతి మాటా విడివిడిగా చెవిన పడుతుంది, మనమూ గొంతు కలపవచ్చు.

"నానాటి బతుకు నాటకము" మాత్రం డ్రైవింగ్‌లో వద్దని నా మాట. రేవతిలో ఎం.ఎస్. గారు పాడినది వింటే నాకు కళ్లు తడుస్తాయి. చీకటి పడే వేళ, ఎదురుగా హెడ్‌లైట్లు, కళ్లల్లో నీళ్లు. అలాంటివి ఇంటికి చేరాక వినాలి.

రాత్రి ప్రయాణాలకు ఇంకా గట్టి జాగ్రత్త కావాలి. దేవుడి పాటల్లో జోలపాటలు, పవ్వళింపు పాటలు చాలా ఉన్నాయి. "జో అచ్యుతానంద" ఉన్నది స్వామిని నిద్రపుచ్చడానికే, మనల్నీ అది ఊరికే వదలదు. అయ్యప్ప మాల వేసుకున్నవాళ్లు రాత్రుళ్లు కారులో ఏసుదాసు గారి హరివరాసనం పెట్టుకుంటారు. శబరిమలలో రాత్రి గుడి తలుపులు మూసేముందు పాడే పాట అది. వెనక సీట్లో వాళ్లు హాయిగా పడుకుంటారు, డ్రైవింగ్ చేసే స్వామి మాత్రం మేలుకుని ఉండాలి కదా. రాత్రిపూట ఒకరు చెబితే పదిమంది తిరిగి పలికే శరణుఘోషలు, నామసంకీర్తనలు పెట్టండి. పలికే వంతు వచ్చినప్పుడల్లా నోరు తెరవాలి కాబట్టి మగత దగ్గరికి రాదు. ఒకే నామాన్ని గంటసేపు ఒకే వరుసలో చెప్పే జప రికార్డింగులు రాత్రికి పనికిరావు. కళ్లు మూసుకోమని చెప్పే ధ్యానం ఆడియోలు ఏ వేళకూ పనికిరావు. ఇక నిజంగా నిద్ర వస్తుంటే ఏ స్తోత్రమూ పెట్టకండి. బండి పక్కకు ఆపి పడుకోండి.

దూరప్రయాణాలకు ఎం.ఎస్. రామారావు గారి సుందరకాండ ఉండనే ఉంది. తేట తెలుగు, నిలకడైన వరుస, కథ ముందుకు నడుస్తుంది. మా పిల్లలు కూడా దాని మధ్యలో పాట మార్చమని అడగరు. ఘంటసాల గారి భగవద్గీత విషయంలో మాత్రం కారులో ఎవరున్నారో చూసుకోవాలి. 1974లో ఆయన పోవడానికి కొద్దికాలం ముందు పాడిన ఆ గీత అంటే నాకు ప్రాణం. శ్లోకం వెంటే తాత్పర్యం రావడం డ్రైవింగ్‌లో ఎంతో మేలు. కానీ మన వైపు ఎవరైనా పోయిన ఇంట్లో దాన్ని పెట్టే అలవాటు బాగా నాటుకుపోయింది. పెళ్లికి వెళ్తూ పెడితే పెద్దవాళ్లు ఇబ్బంది పడతారు. ఒంటరిగా వెళ్లేటప్పుడు వినండి, తప్పకుండా వినండి.

పెన్‌డ్రైవ్ సర్దుకోవడం

ఉచితంగా వినే యాప్‌ల మీద పారాయణ పెట్టుకోకండి. శ్లోకానికీ శ్లోకానికీ మధ్య లోన్ ఇస్తామనే ప్రకటన వస్తే మనసు మళ్లీ అక్కడికి చేరడానికి చాలాసేపు పడుతుంది. సీడీ కొనుక్కోండి, లేదా డబ్బు కట్టి డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక పెన్‌డ్రైవ్‌లో వారానికి ఏడు ఫోల్డర్లు పెట్టాను. శనివారం వేంకటేశ్వరుడు, సోమవారం శివుడు, మంగళవారం హనుమాన్ చాలీసా, శుక్రవారం లలితా సహస్రనామం, ఇలా. ఫైల్ పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేస్తే చాలా స్టీరియోలు ఆ వరుసలోనే పాడతాయి. షఫుల్ తీసేయండి. ఫలశ్రుతి ముందొచ్చి ధ్యానశ్లోకం తరవాత వస్తే చిరాకు.

బయల్దేరకముందే ఫోల్డర్ ఎంచుకుని, ఫోన్‌ను సైలెంట్‌లో పెట్టి, బ్లూటూత్ ఆపేయండి. కాల్ వస్తే కొన్ని స్టీరియోలు పారాయణను మొదటికి తీసుకెళ్తాయి. ఎండలో కారు ఆపినప్పుడు పెన్‌డ్రైవ్ బాగా వేడెక్కుతుంది కాబట్టి అన్నిటి కాపీ ఇంట్లో కంప్యూటర్‌లో ఉంచుకోండి. కొత్తది ఏదైనా దొరికితే ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే రోడ్డు మీద హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి, ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని, దారి పొడవునా ఒకసారి విని, నచ్చితేనే వారపు ఫోల్డర్లో చేరుస్తాను.